వణికిన చెయ్యి

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన వేసవిలో నేను విజయవాడలో ఒక ఆసుపత్రి కోవిడ్ వార్డులో స్టాఫ్ నర్సుని. పాపను మంగళగిరిలో అమ్మ దగ్గర వదిలి, భవానీపురంలో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని.

వార్డులో కిటికీ పక్క మంచం ఒక రిటైర్డ్ టీచరుగారిది. ఒక ఉదయం ఆవిడ, "మా అమ్మాయికి ఒక్కసారి ఫోన్ కలిపిపెట్టమ్మా" అని అడిగారు. ఆక్సిజన్ పడిపోతున్న ఇంకొకరి దగ్గరికి పరుగెత్తుతూ, "మధ్యాహ్నం కలుపుతానండీ" అన్నాను. మధ్యాహ్నానికి ఆవిడ లేరు.

నేను ఏడవలేదు. డ్యూటీ మానలేదు. కానీ ఆ వారంలోనే నా చెయ్యి వణకడం మొదలైంది. పన్నెండేళ్ల సర్వీసులో ఎన్నడూ తప్పని నరం దొరకడం మానేసింది. ఒక పెద్దాయనకు రెండుసార్లు గుచ్చినా కుదరకపోతే, "పర్లేదు తల్లీ, నిదానంగా చెయ్యి" అని ఆయనే నన్ను ఓదార్చారు. మా హెడ్ నర్సు చూసి, సూది తీసుకుని తనే పని పూర్తిచేసి, నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లారు.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"బానే ఉన్నానండీ మేడమ్."

"నేనూ నెల్రోజులు అదే మాట చెప్పా. ఇప్పుడు సైకియాట్రీ డాక్టరుగారి దగ్గరికెళ్తన్నా. మాత్రలు కూడా వేసుకుంటన్నా."

ఈవిడకా మాత్రలు అనుకున్నాను. ఆవిడ బందరు వైపు చేపల రేవులో పుట్టిపెరిగిన మనిషి. ఆవిడ గొంతు వినపడితే వార్డంతా సర్దుకునేది.

"నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారండీ?"

"అనుకోనీ. జొరమొస్తే దాచుకుంటావా ఏంటి?"

మర్నాడు ఆవిడే వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. డాక్టరుగారి ఎదుట టీచరుగారి సంగతి చెప్పబోయి భోరున ఏడ్చేశాను. ఆయన తొందరపెట్టలేదు. వారం సెలవు రాసి, మళ్లీ రమ్మన్నారు.

మూడోసారి వెళ్లొచ్చాక, ధైర్యం తెచ్చుకుని టీచరుగారి అమ్మాయికి ఫోన్ చేశాను. జరిగింది దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "ఆ రోజు అమ్మ ఏమన్నా తిన్నదాండీ?" అని అడిగింది.

"రెండిడ్లీలు తిన్నారండీ. చట్నీలో ఉప్పు లేదని నన్ను కోప్పడ్డారు."

అటువైపు నవ్వు, ఆ వెంటే ఏడుపు. "మా అమ్మేనండీ. ఆకలితో పోయిందేమోనని ఇన్నాళ్లూ..." అని ఆగిపోయింది.

ఆ రోజుతో వణుకు పోలేదు. హెడ్ నర్సు పక్కన నిలబడితేగానీ సూది పట్టేదాన్ని కాదు. నెల గడిచాక ఒక ఉదయం, ఆవిడ వేరే మంచం దగ్గర ఉండగానే నరం పట్టేశాను. ప్లాస్టరు అంటించాకగానీ ఆ సంగతి నాకే తెలియలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ డాక్టరుగారిని కలుస్తుంటాను. ఎక్కడికెళ్తున్నానో ఇంట్లో చెప్పే వెళ్తాను.