రోజుకు రెండు నొక్కులు

లోహిత్‌కు దగ్గు రాత్రి రెండింటికి మొదలవుతుంది. చెన్నమ్మ ఒంటిగంటన్నరకే మేలుకుని ఉంటుంది. ముందు గొంతులో చిన్న గరగర, తర్వాత రెండు పొడి దగ్గులు. ఆ మీదట ఆగదు. రెండున్నరేళ్ళ పిల్లవాడు కళ్ళు తెరవకుండానే లేచి కూర్చుని, ఒళ్ళంతా దగ్గరికి ముడుచుకుని దగ్గుతాడు. డొక్కలు లోపలికి పోతాయి. కడకు రాత్రి తాగిన పాలు కక్కి, "జేజీ, ఎత్తుకో" అని చేతులు చాపుతాడు.

కడప వైపు కొన్ని ఊళ్ళలో నాయనమ్మను జేజి అంటారు. చెన్నమ్మ వాణ్ణి భుజాన వేసుకుని, కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. పడుకోబెడితే దగ్గు, నిలబెడితే కాస్త నిమ్మళం. అందుకని తెల్లవారుజామున నాలుగింటి దాకా నడుస్తూనే ఉంటుంది. అరవై రెండేళ్ళ మోకాళ్ళు మొదటి వారమే మొరాయించాయి. ఇప్పుడు వాటిని పట్టించుకోవడం మానేసింది.

కొడుకు హేమంత్ గది తలుపు తీసుకుని వస్తాడు. "మా, రాత్రి పంపు ఇచ్చినావా?"

"ఇచ్చినా అబ్బీ. నువ్వు పోయి పండుకో. పొద్దున్నే ఆఫీసు గదా."

అది అబద్ధం. రెండు నెలలుగా రోజూ చెబుతున్న అబద్ధం.

ఆషాఢంలో వాడికి జలుబు చేసి, జలుబు పోయినా దగ్గు పోనప్పుడు, కొండాపూర్‌లో పిల్లల డాక్టరు ప్రవీణ గారు మందు పీల్చే పంపు ఒకటి రాసిచ్చింది. గోధుమరంగు పంపు, దానికి తగిలించే పొడవాటి ప్లాస్టిక్ డబ్బా, డబ్బా చివర ముక్కూ నోరూ మూసే మాస్కు. పొద్దున ఒక నొక్కు, రాత్రి ఒక నొక్కు. నొక్కాక పిల్లవాడు పదిసార్లు ఊపిరి తీసుకోవాలి. తర్వాత మూతి కడిగి నీళ్ళు తాగించాలి. ఒక్క పూట కూడా మానకూడదు.

ఆ పని చెన్నమ్మకే వచ్చింది. హేమంత్ ట్రాఫిక్ మొదలు కాకముందే, ఏడింటికల్లా బయల్దేరిపోతాడు, రాత్రి తొమ్మిది దాటాకే వస్తాడు. కోడలు నవ్యది అమెరికా వాళ్ళతో పని. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా గది తలుపు మూసుకుని ఫోన్లలోనే ఉంటుంది, పొద్దున తొమ్మిదికి గానీ లేవదు. పిల్లవాడు లేచేది ఏడున్నరకు, పడుకునేది ఎనిమిదింటికి. ఆ రెండు వేళల్లోనూ వాడి దగ్గర ఉండేది జేజి ఒక్కతే.

పంపును చూసిన రోజే చెన్నమ్మకు తమ్ముడు శ్రీనివాసులు గుర్తొచ్చాడు. వాడికి ఉబ్బసం ఉండేది. మొదట మాత్రలు మింగేవాడు. తర్వాత ఎవరో పంపు అలవాటు చేశారు. మొదట్లో వారానికోసారి, ఆ తర్వాత రోజుకోసారి, చివరికి గంటకోసారి. జేబులో పంపు లేకపోతే వీధి మలుపు దాకా కూడా వెళ్ళలేకపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, రాయచోటి బస్సులో, కిటికీ పక్క సీట్లో పోయాడు. వేళ్ళు విడదీసి పంపును బయటికి తీసింది చెన్నమ్మే. అది వాణ్ణి బతికించేది కాదని, వాడి ఊపిరిని తన చేతిలోకి తీసుకున్నదని ఆమెకు ఆ రోజే స్థిరపడిపోయింది. అలాంటిది రెండున్నరేళ్ళ వాడి నోట్లో పెట్టమంటే ఎట్లా పెడుతుంది?

చెప్పి చూసింది. "అబ్బీ, అది అలవాటైతే ఇడవదు" అంది. హేమంత్ విసుక్కోలేదు, ఫోన్ తీసి ఏదో చదివి వినిపించాడు. "అవన్నీ పాతకాలం మాటలు మా" అన్నాడు. ఆమె వాము మూట కట్టి పెనం మీద వెచ్చజేసి వీపుకు కాచింది. తులసి రసంలో తేనె కలిపి నాకించింది. తమలపాకుకు నూనె రాసి సెగ చూపించి రొమ్ము మీద వేసింది. పంపు మాత్రం ఇవ్వలేదు.

అయితే పంపు వెనకాల ఒక చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది. నొక్కినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. హేమంత్ ఆఫీసు నుంచి రాగానే ఆ అంకె చూస్తాడు. అందుకని చెన్నమ్మ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వంటింటి వెనక బట్టలారేసే బాల్కనీలోకి వెళ్ళి, చెయ్యి కమ్మీల బయటికి చాపి, పంపును గాలిలోకి నొక్కేది. వచ్చి పిల్లవాడి మూతి కడిగేది. నర్సు చెప్పినట్టే ఆదివారం ఆదివారం మాస్కును సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టేది.

ఒకరోజు పనిమనిషి ఈరమ్మ అంట్లు తోముతూ తలెత్తి చూసింది.

"ఏందమ్మా గది, దోమల మందా? గింత పైకి గూడ దోమలొస్తయా?"

చెన్నమ్మ ఉలిక్కిపడింది. "కాదు మేయ్. పని చేస్తాందో లేదో అని చూస్తాండా."

"నిన్న గూడ చూసినవ్ కద. మొన్న గూడ. రోజొక్కసారి పరీక్ష పెడ్తున్నవా దానికి?" అని నవ్వింది ఈరమ్మ. చెన్నమ్మ నవ్వలేదు. ఆమె ముఖం చూసి ఈరమ్మ నవ్వు ఆపి, చేతిలో గిన్నె కింద పెట్టింది. "అది బాబుది కదా? పిల్లగానికి ఇయ్యాల్సింది గాలికిస్తే, గాలికి తగ్గుతదా దగ్గు?"

"నీకు తెలీదులే. నువ్వెవురికీ చెప్పాకు."

"నేనెవ్వలకు చెప్త? నా పనేందో నాది. జర నువ్వే సోచాయించు పెద్దమ్మా."

చెన్నమ్మ ఆలోచించకపోలేదు. రాత్రి రెండింటికి పిల్లవాడు డొక్కలు ఎగరేస్తుంటే ఆలోచించేది. ఇచ్చేస్తే పోలా అనుకునేది. అంతలో బస్సు కిటికీ పక్క సీటు కళ్ళ ముందుకు వచ్చేది. దగ్గులు వస్తాయి, పోతాయి, వేళ్ళలో ఇరుక్కున్నది పోదు అనుకునేది. మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళేది.

రెండు నెలలు నిండాక, ఒక సోమవారం, నలుగురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ప్రవీణ గారు పిల్లవాడి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. పాత ఎక్స్‌రే మళ్ళీ చూసింది.

"మందు రోజూ ఇస్తున్నారా? నిజం చెప్పండి, చాలామంది మధ్యలో మానేస్తారు."

"ఒక్క పూట కూడా మానలేదు మేడం," అన్నాడు హేమంత్. "కౌంటర్ నేనే చూస్తున్నా. మా అమ్మ అలారం పెట్టుకుని మరీ ఇస్తుంది."

ఆ మాటలో కొడుకు గొంతు కాస్త పొంగింది. చెన్నమ్మ నేల వైపు చూసింది.

"అయితే తగ్గాలే," అంది డాక్టరు. "తగ్గలేదంటే వేరే ఏదో ఉంది. ఈ వయసు పిల్లలు పల్లీ బద్దో, గింజో మింగబోయి ఊపిరిగొట్టంలోకి పీల్చేసుకుంటారు. ఎక్స్‌రేలో అది కనిపించదు. మత్తిచ్చి, కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపి చూడాలి. శుక్రవారం పెట్టుకుందాం."

"మత్తా?" అంది నవ్య. "ఇంత చిన్నోడికి ప్రమాదం కాదా?"

"చాలా తక్కువ. కానీ అస్సలు లేదని చెప్పను."

కారులో నవ్య వెనక్కి తిరిగింది. ఆమె గొంతు పైకి లేవలేదు. "అత్తా, కోప్పడను. చెప్పండి. చెనిక్కాయలు పెట్టినారా వానికి?"

"లేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు. పెట్టలేదు."

"పోనీ బొరుగుల్లో కలిసినాయేమో?"

"లేదు."

నవ్య నమ్మలేదని చెన్నమ్మకు తెలిసింది. చెయ్యని తప్పుకు మాట పడుతూ, చేసిన తప్పును నాలుక కింద పెట్టుకుని, గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీదుగా ఇంటికి వచ్చింది. ఒళ్ళో లోహిత్ నిద్రపోతున్నాడు. పగలు వాడికి ఏమీ ఉండదు, అందరు పిల్లల్లాగే ఉంటాడు.

మంగళవారం పొద్దున ఆమె మాస్కును పిల్లవాడి ముఖానికి ఆనించింది. వాడు గింజుకున్నాడు. "మా నాయన కదా, మా బంగారు కదా" అంటూ పట్టుకుని నొక్కింది. డబ్బాలో తెల్లటి పొగ కనిపించీ కనిపించకుండా మాయమైంది. ఒకటి, రెండు, మూడు... పది ఊపిర్లు లెక్కబెట్టింది. శుక్రవారంలోగా తగ్గితే చాలు. తగ్గితే మత్తూ వద్దు, గొట్టమూ వద్దు. ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. అలవాటైతే అవనీ, ముందు ఈ నాలుగు రోజులు గట్టెక్కితే అదే పదివేలు.

మంగళవారం రాత్రి రెండింటికి దగ్గు వచ్చింది. బుధవారం పూట పూటకూ ఇచ్చింది. రాత్రి మళ్ళీ వచ్చింది. గురువారం మరీ ఘోరంగా వచ్చింది. పిల్లవాడి పెదవులు నల్లబడ్డాయేమోనని మాటిమాటికీ లైటు వేసి చూసింది. లేదు, ఎర్రగానే ఉన్నాయి. వాణ్ణి రొమ్ముకు అదుముకుని, "ఇస్తాండా కదరా, ఇస్తాండా కదా, ఇంకేం చేయాల నాయనా" అని నడిచింది. పన్నెండు తర్వాత నీళ్ళు కూడా ఇవ్వకూడదని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. పిల్లవాడు దగ్గి దగ్గి నీళ్ళడిగాడు. తడిగుడ్డతో పెదవులు తుడిచింది. వాడు ఆ గుడ్డను చప్పరించబోయాడు.

శుక్రవారం ఆరున్నరకల్లా ఆసుపత్రిలో ఉన్నారు. లోహిత్‌కు పచ్చ గౌను తొడిగారు. అది వాడికి పాదాల కిందికి జారుతోంది. ఎడమ చేతికి సూది గుచ్చి, అట్టముక్క పెట్టి కట్టు కట్టారు. ఏడ్చి అలసిపోయి, జేజి ఒళ్ళో ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

మత్తు డాక్టరు ఉదయ్ భాస్కర్ కాగితాలతో వచ్చాడు. హేమంత్ రెండు చోట్ల సంతకం పెట్టాడు. మూడో కాగితం మీద ఆయన స్వయంగా రాసుకుంటున్నాడు.

"ఏమేం మందులు వాడుతున్నాడు?"

హేమంత్ పంపు పేరు చెప్పాడు. "రెండు నెలలుగా, రోజుకు రెండుసార్లు."

"చివరిసారి ఎప్పుడిచ్చారు?"

"మా, రాత్రి ఎన్నింటికి ఇచ్చినావు?"

చెన్నమ్మ నోరు తెరిచింది. ఎనిమిదింటికి అంటే సరిపోయేది, నిజం కూడా అదే. కాగితం మీద పెన్ను ఆగి ఉంది. 'రెండు నెలలుగా' అని అప్పుడే రాసింది కనిపిస్తోంది. ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు, కానీ హేమంత్ ఆ మాట అన్నప్పుడే పెన్ను కదలడం చూసింది.

"ఎనిమిదికి ఇచ్చినా," అంది. "మంగళారం నుంచి ఇస్తాండా. అంతకు ముందు ఇయ్యలేదు."

"ఏంది మా?"

"ఇయ్యలేదు అబ్బీ. ఒక్క దినం గూడా ఇయ్యలేదు."

"కౌంటర్ తగ్గుతాంది కదా. నేను చూసినా కదా."

"బయట నొక్కినా. గాల్లోకి." ఆమె పిల్లవాడి కట్టు మీద చెయ్యి పెట్టింది. "వీనికి లోపల ఏం ఇరుక్కోలేదు. నా పాపం ఇరుక్కుంది. మత్తు ఇయ్యొద్దని చెప్పు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా."

నవ్య పిల్లవాణ్ణి ఆమె ఒళ్ళోంచి తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. వాడు అరిచాడు. ఉదయ్ భాస్కర్ పెన్ను మూత పెట్టి, "మేడంకు ఫోన్ చేస్తాను" అని బయటికి వెళ్ళాడు.

కాసేపటికి ప్రవీణ గారు వచ్చింది. అంతా విన్నది. కోప్పడుతుందని చెన్నమ్మ చూసింది. డాక్టరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎందుకిలా చేశారు పెద్దమ్మా?"

"మా తమ్మునికి..." అంది చెన్నమ్మ. చెయ్యి మూసి, వేళ్ళు విడదీసి చూపించింది. హేమంత్ తల గోడ వైపు తిప్పుకుని, మామ సంగతి తనే నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"ఆయన చేతిలోది ఏ రంగుది?"

"నీలంది."

"అది ఊపిరి అందనప్పుడు వాడేది. ఆ పూటకు తెరిపిస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది ఇది. రోజూ ఇదే ఇచ్చి ఉంటే, ఆయనకు అది అన్నిసార్లు అక్కరపడేది కాదేమో. మందు ఆయన్ని చంపలేదమ్మా. ఆయనకు అందాల్సిన మందు అందలేదు." ఆమె లేచింది. "ఈరోజు ఏమీ చెయ్యం. ఇంటికెళ్ళండి. ఇవాళ్టి నుంచి సరిగ్గా ఆరు వారాలు ఇచ్చి రండి. తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం. మధ్యలో ఆయాసం వస్తే, పెదవులు నీలంగా కనిపిస్తే, ఏ వేళయినా వచ్చెయ్యండి."

ఇంటికి వచ్చాక హేమంత్ పంపును తన గదిలోకి తీసుకెళ్ళిపోయాడు. ఆ పగలంతా తల్లితో ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే తిన్నాడు. అదే చెన్నమ్మకు భరించరానిదైంది. తిట్టుంటే బాగుండేది.

ఎనిమిదింటికి నవ్య ఫోన్ పక్కన పెట్టి వచ్చి పిల్లవాడికి మాస్కు పెట్టబోయింది. వాడు తల తిప్పేశాడు, కాళ్ళతో తన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి మాస్కును చేత్తో కొట్టి, "జేజీ" అని ఏడ్చాడు. చెన్నమ్మ తన గదిలో మంచం అంచున కూర్చుని ఉంది, లేవలేదు. లేవడానికి ఇప్పుడు తనకు హక్కు లేదనుకుంది.

నవ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం చూడకుండా, "మీరు పట్టుకోండి అత్తా," అంది. "నేను నొక్కుతా."

చెన్నమ్మ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నవ్య నొక్కింది. ఇద్దరూ మనసులో లెక్కబెట్టారు.

రాత్రి రెండింటికి దగ్గు వచ్చింది. నవ్య కూడా లేచి వచ్చింది. చెన్నమ్మ హాల్లో నడుస్తుంటే సోఫాలో కూర్చుని చూసింది. రెండు నెలల్లో ఈ వేళప్పుడు ఆమె ఇక్కడ కూర్చోవడం ఇదే మొదలు.

"అమ్మా," అంది చెన్నమ్మ నడుస్తూనే. "అప్పుడే ఇచ్చింటే, ఈపాటికి తగ్గిండేదా?"

నవ్య సోఫాలోంచి లేచి చేతులు చాపింది. "ఇటివ్వండి. మీకు కాళ్ళు నొప్పులు కదా."

చెన్నమ్మ ఇచ్చింది. పిల్లవాడు తల్లి భుజం మీద ఇంకోసారి దగ్గాడు. చెన్నమ్మ వాడు కక్కిన పాలు తుడవడానికి గుడ్డ తెచ్చి, నేల మీద వంగింది.