దానం మాస్టారి పాతిక ప్రశ్నలు

పేరుకే దానం మాస్టారు. ఎదుటివాళ్ళని పాతిక ప్రశ్నలు అడగందే ఆయన చేతిలోంచి చిటికెడు ఉప్పు కూడా దానం కాదు. పెళ్ళిపిలుపు అందితే చాలు, ముందురోజే వెళ్ళి ఇంట్లో ఏముందో ఏం లేదో ఆరా తీస్తారు. ఊరంతా గోడగడియారాలు చదివించిన పెళ్ళిలో ఆయన కుక్కరు రబ్బరు చదివించారు. ఆ ఇంట్లో ఇవాళ్టికీ వాడుతున్నది అదొక్కటే.

ఈ సంగతి తెలియక పద్మశ్రీ లారీడు దుప్పట్లతో బండారులంక దగ్గరి చిన్న నేతపేటకి వచ్చింది. రెండు రోజుల క్రితం కుండపోత వానకి కాలువగట్టు తెగి, గంటలో ఇళ్ళన్నీ మోకాల్లోతు మునిగాయి. హైదరాబాదు ట్రస్టులో చేరాక ఆమెకిదే మొదటి సహాయం. ఉత్సాహంతో ఒకచోట నిలవలేకపోతోంది.

లారీకి అడ్డంగా ఒక గొడుగు లేచింది. దాని కింద రిటైరైన దానం మాస్టారు.

"ఏం తెచ్చేరండీ?"

"దుప్పట్లండీ. ఆరొందలు!"

"ఎవరికైనా చలేస్తుందన్నారాండీ?"

పద్మశ్రీ నుదుటి చెమట తుడుచుకుంది. "వరదలకి మేమెప్పుడూ దుప్పట్లే ఇస్తామండీ."

"ఆయ్. అందరూ అవే ఇస్తారండి. మా పేటలో ఉన్నవన్నీ కలిపి కుడితే సర్కసు డేరా అవుద్దండి."

పద్మశ్రీకి ఒళ్ళు మండింది. "అయితే ఏం కావాలో మీరే చెప్పండి!"

"నేనెవర్నండీ చెప్పడానికి? అడుగుదాం రండి."

మొదటి ఇల్లు నేతపని చేసే రమణిది.

"ఇంట్లో గరిటెలెన్నమ్మా?"

"నాలుగండి."

"దోమతెర?"

"ఉందండి."

"పిల్లి?"

"వచ్చేసిందండి."

ఇరవయ్యో ప్రశ్నకి రమణి చీపురు విసిరికొట్టింది. "గరిటెల గోల తరవాత మాస్టారూ! ముందా మగ్గం గుంటలో నీళ్ళు తోడించండి! నూలంతా తడిసిపోయింది. మగ్గం ఆడితే మా తిండి మేమే తింటాం!"

పద్మశ్రీ తొంగిచూసింది. మగ్గం కింద, కాళ్ళు పెట్టుకునే గుంట నిండా బురదనీళ్ళు. అందులో కప్ప ఈదుతోంది. వీధంతా అదే తీరు. వెంటనే ట్రస్టు కార్యదర్శి ప్రకాశరావుకి ఫోన్ చేసింది.

"నీళ్ళు తోడే ఇంజన్లు కావాలి సార్, నూలు కావాలి, ఇవాళే!"

"కాగితంలో దుప్పట్లని రాసుంది కదమ్మా!"

మాస్టారు ఫోన్ అందుకున్నారు. "నమస్కారమండీ. భోంచేసేరా? ఏం కూరండీ? వంకాయ మీకు పడుద్దా?"

పద్దెనిమిదో ప్రశ్నకి ప్రకాశరావు చేతులెత్తేశాడు. "ఆ అమ్మాయికి ఏది అవసరమనిపిస్తే అది కొననివ్వండి బాబూ!"

"మగ్గాలు ఆరి, వాటి మీంచి చీర దిగేదాకా, వచ్చేనెలా ఇస్తారాండీ?"

"ఇస్తాం! ఫోన్ పెట్టెయ్యండి!"

దుప్పట్ల లారీ వెనక్కి తిరిగింది. సాయంత్రానికి ఆరు ఇంజన్లు వీధి అదిరేలా నీళ్ళు కక్కుతుంటే, పద్మశ్రీ పేట పిల్లలతో కలిసి గెంతులేసింది.

చివరి ఇంట్లో సుబ్బాయమ్మ నోటికి కొంగు అడ్డంపెట్టుకుని కూర్చుంది. "నాకేం వద్దండి. అందరికీ ఇవ్వండి."

"బియ్యమున్నాయాండీ?"

"ఉన్నాయండి."

"చింతపండు?"

"ఉందండి."

"జంతికలు?"

"జంతికలెలా నవులుతానండీ! పళ్ళసెట్టు వరదలో కొట్టుకుపోయింది కదా!"

అనేసి ముసలామె సిగ్గుతో ముడుచుకుపోయింది. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు చటుక్కున గొడుగు తెరిచి ఆమెకి అడ్డంపెట్టి, పద్మశ్రీ వైపు వంగారు.

"లెక్కల్లో పళ్ళని రాయకండి. వైద్యమని రాయండి," అన్నారు మెల్లిగా.

గరిటెలూ పిల్లులూ ఎందుకో పద్మశ్రీకి అప్పుడర్థమైంది. నోరు తెరిచి అడగలేనివాళ్ళ అవసరం విసుగులో జారిపడేదాకా, మాస్టారు ప్రశ్నలు వేస్తూనే ఉంటారు.

తరువాతి నెల ఆమె రెండో విడత నూలుతో వచ్చేసరికి వీధి పొడుగునా మగ్గాల టకటకలు. సుబ్బాయమ్మ అరుగు మీదనుంచే చెయ్యి ఊపింది.

"అమలాపురంలో కట్టిన పళ్ళు బాగా కుదిరాయాండీ?" అని అడిగింది పద్మశ్రీ.

సుబ్బాయమ్మ ముప్పైరెండూ కనపడేలా నవ్వింది. "కుదరడమా! నిన్న మాస్టారితో గంటసేపు దెబ్బలాడేనండి, ఒక్కసారీ జారలేదు!"