అమ్మ మానేసిన కాపడం

నిన్న మా కోడలు మోకాళ్ళకు రాసుకోమని ఒక ట్యూబు తెచ్చి ఇచ్చింది. అంతా ఆకులతో, వేళ్ళతో చేసిందేనట, ఒంటికి ఏ హానీ చెయ్యదట. కళ్ళద్దాలు పెట్టుకుని చూద్దును కదా, దాని మీద నిగనిగలాడుతూ జిల్లేడాకు బొమ్మ! ఏలూరులో మా వీధి చివర మురుగుకాలవ పక్కన పెరిగే ఆకుకి ఇంత దర్జా పట్టిందా అని నవ్వొచ్చింది కానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మూత తియ్యకుండా ట్యూబును బల్ల మీద పెట్టేశాను. కోడలు చిన్నబుచ్చుకుని లోపలికెళ్ళిపోయింది.

నేను పుట్టి పెరిగింది కొల్లేటి ఒడ్డు ఊళ్ళో. నాన్న తాటిదోనె మీద వేటకెళ్ళేవాడు. ఎప్పుడూ నీళ్ళలో నానే ఒళ్ళు కదా, ఏదో ఒక కీలు పట్టేస్తూనే ఉండేది. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో నొప్పంటే డాక్టరు గుర్తొచ్చేవాడు కాదు, అమ్మే గుర్తొచ్చేది. జిల్లేడాకుకి ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, ముందు తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, నొప్పి ఉన్నచోట పరిచి పాత చీర పీలికతో కట్టేది. ఆకు పాలు కంట్లో పడతాయని, కోసేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. కట్టు కట్టాక దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. తగ్గింది ఆకు వల్లో ప్రార్థన వల్లో మాకు తెలిసేది కాదు. నాదేం లేదు, అంతా ప్రభువు దయ అనేది గానీ, వీధిలోవాళ్ళు తన కోసం వస్తుంటే అమ్మ ముఖంలో గర్వం దాగేది కాదు.

ఒక వానాకాలం వల దులుపుతూ నాన్న జెల్ల చేపను తొక్కాడు. దాని ముల్లు అరికాల్లో దిగింది. ఆ పోటు పడ్డవాళ్ళకే తెలుసు. పైకి కనిపించిన ముల్లు లాగేసి, అమ్మ వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టి ఆకు కట్టింది. తెల్లారేసరికి హాయిగా ఉందని నాన్న దోనె తీశాడు. సాయంత్రానికి మళ్ళీ సలుపు, మళ్ళీ కాపడం, మళ్ళీ తగ్గడం, మళ్ళీ వేట. ఆసుపత్రిలో చూపించమని మా మేనత్త పోరితే అమ్మకు రోషం వచ్చింది. నా చేతి కాపడానికి తగ్గుతుంటే ఆసుపత్రి ఎందుకండీ వదినగారూ అనేసింది. తనన్న ఆ మాటను అమ్మ పోయేదాకా మరిచిపోలేదు.

ముల్లు మొన విరిగి లోపలే ఉండిపోయిందని ఎవరికి తెలుసు? నాన్నకు షుగరుందనీ తెలియదు. కాపడం పెట్టి పెట్టి నొప్పి నోరు మూయించారు గానీ, అదేం చెప్పబోతోందో ఎవరూ వినలేదు. పాదం నల్లబడ్డాక ఏలూరు తీసుకెళ్తే, వేళ్ళు తీసెయ్యకపోతే కాలే పోతుందన్నారు డాక్టరుగారు. తీసేశారు. ఇంటికొచ్చాక నాన్న కర్ర సాయంతో నడిచాడు కానీ, ఊగే దోనె మీద మళ్ళీ నిలబడలేకపోయాడు. నీళ్ళ మీద తప్ప ఎక్కడా కుదురుగా ఉండని మనిషి గుమ్మంలో కూర్చుని ఇతరుల వలలు బాగుచేశాడు. దోనె ఒడ్డునే ఎండకు చీలిపోయింది.

నాన్న అమ్మను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆవిణ్ణి తినేసింది. ఆముదం సీసా అటకెక్కింది. ఎవరొచ్చి అడిగినా నాకు చేతకాదమ్మా అని పంపేసేది. ప్రార్థన చేసినా ఎవరినీ తాకేది కాదు. కొన్నేళ్ళకు తన మోకాళ్ళే అరిగిపోయి గోడ పట్టుకుని లేవాల్సి వచ్చినప్పుడు, ఆకు తెస్తానంటే నా మీద కేకలేసింది. తనకా నొప్పి రావడం న్యాయమే అన్నట్టు భరించేది. నాకు ఒళ్ళు మండేది, పక్కకెళ్ళి ఏడ్చేదాన్ని కూడా.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఆముదం వాసన. కాళ్ళనొప్పులతో అమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. పొయ్యి ముందు నాన్న, కర్ర పక్కన పెట్టుకుని పెనం మీద జిల్లేడాకు తిప్పుతున్నాడు. ఆ కాలితోనే చెరువుగట్టు దాకా వెళ్ళి కోసుకొచ్చాడన్నమాట. అమ్మ వద్దండీ, వద్దండీ అంటూ కాళ్ళు ముడుచుకుంది.

"నా నొప్పి తగ్గాలనే కదే చేశావు. చాపు కాలు," అన్నాడు నాన్న.

వల ముడులు అంత గట్టిగా వేసే మనిషికి ఆ కట్టు కట్టడం మాత్రం రాలేదు, ఆకు జారిపోయింది. అమ్మ ఏడుస్తూనే దాన్ని సర్దుకుని తనే బిగించుకుంది.

ఆ ఇద్దరూ లేరు, ఆ దోనెలూ కనబడడం లేదు. పాతకాలమే మంచిదని నేననను. ఇప్పుడు కాల్లో ముల్లు విరిగితే ఎవరూ కాపడంతో సరిపెట్టుకోరు, అదే మంచిది. కాకపోతే ఎవరి నొప్పికి వాళ్ళమే మందు రాసుకుని, తలుపు వేసుకుని పడుకుంటున్నాం. ఇవాళ సాయంత్రం ట్యూబు పట్టుకుని కోడలి దగ్గరికి వెళ్ళాను. నువ్వే రాయమ్మా అని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.