రెండో సంతకం లేక ఆగిన అంబలి

మల్లేష్ టీ తాగే ముందు స్టీలు గ్లాసుకు చూపుడువేలు ఆనించి, కళ్లు మూసుకుని ఒక అంకె చెబుతాడు. "అరవై రెండు." భార్య రవళి మొదట్లో థర్మామీటరు పెట్టి చూసేది. ఎప్పుడు చూసినా రెండు డిగ్రీలకు మించి తేడా రాలేదు. విసుగొచ్చి మానేసింది. "సల్లగైతది, తాగు జెర," అని మాత్రం రోజూ అంటుంది.

గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో పన్నెండేళ్లుగా మీటర్లు, సెన్సార్లు చూసుకోవడం అతని పని. అక్కడ ఒకరు చేసిన పనిని మరొకరు కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం పడనిదే వాల్వు తెరవరు. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. గ్యాసు బండ మార్చిన ప్రతిసారీ గోడమీద తారీఖు రాసి, కింద రవళి చేత సంతకం పెట్టిస్తాడు.

అతని తల్లి నర్సింహమ్మ ఏటా ఎండాకాలం చౌరస్తాలో తైదల, అంటే రాగుల అంబలి పంచుతుంది. షిఫ్టు దిగినవాళ్లు, లారీ డ్రైవర్లు ఆగి తాగుతారు. పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియబెట్టాలి, పొద్దున ఉడికించాలి, చల్లారాక మజ్జిగ పోయాలి. ఉడుకుతున్నంతసేపూ తెడ్డు ఆగకూడదు. నిరుడు ఆమె కుడి భుజం పట్టేసింది. మళ్లీ తెడ్డు పడితే ఆ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు చెప్పాడు.

"నేను మిషన్ చేస్తనే అమ్మా," అన్నాడు మల్లేష్.

"చెయ్యి. కని మొదటిదినం ఒక్కలన్న మంచిగలేదన్నరనుకో, నీ డబ్బాలు అవతల పారేసి నేనే కలుపుత."

నర్సింహమ్మ అన్నదంటే చేస్తుంది.

పులియడానికొకటి, ఉడకడానికొకటి రెండు స్టీలు డ్రమ్ములు, ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పంపు, కలపడానికి మోటారు, పులుపు కొలిచే సెన్సారు అమర్చాడు. ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల కోసం ఎవరో రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుని, బార్లీ అని ఉన్నచోటల్లా తైదపిండి అని మార్చాడు. తెర మూలనున్న నురగల బీరు గ్లాసు బొమ్మను తీసేయడం మాత్రం చేతకాలేదు. పక్కింటి యాదన్న దాన్ని చూడనే చూశాడు.

"అల్లుడా, ఎప్పుడు దిగుతది?" అని రోజూ గోడమీంచి అడిగేవాడు.

"అది అంబలి మామా."

"గట్లనే చెప్పాలె. నేనెవ్వలకూ చెప్పనులే."

మొదటిరోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం రవళి పిండి పోసింది. మల్లేష్ పొద్దున ఆరింటి షిఫ్టుకు వెళ్లి, అందరిలాగే ఫోను గేటు దగ్గర లాకరులో పెట్టి లోపలికి పోయాడు. ఆరున్నరకు ఇంట్లో పులిసే డ్రమ్ము పని ముగించి ఆగిపోయింది. తెరమీద ఎర్రటి అక్షరాలు: తనిఖీ సంతకం లేదు.

రవళి తన పేరుతో ఆకుపచ్చ బటన్ నొక్కింది. పిండి పోసినవారు తనిఖీ చేయరాదు అన్నది తెర. ఆ నియమం రాసింది మల్లేషే. తాను షిఫ్టుకు వెళ్లేలోపే పులుస్తుందనుకుని, తనిఖీదారుగా ఒక్క తన పేరే పెట్టుకున్నాడు.

ఫోను లాకరులో మోగీ మోగీ ఆగిపోయింది. రవళి కంపెనీ గేటుకు చేసింది.

"ఏమన్న అర్జెంటా అమ్మా?" అన్నాడు సెక్యూరిటీ.

"అంబలి ఉడుకుతలేదన్నా."

తలకు టోపీ, కాళ్లకు తొడుగులతోనే మల్లేష్ గేటుకు పరుగెత్తుకొచ్చి, లాకరులోంచి ఫోను తీసి రవళికి చేశాడు. ఫోనులోంచే సంతకం పెట్టొచ్చు, ఒక్క నొక్కు. వేలు మాత్రం కదల్లేదు.

"సూడకుండ సంతకం ఎట్ల పెడ్త?"

"నీకు దండం పెడ్త, అది అంబలి! సూదిమందు కాదు!"

నర్సింహమ్మ కోడలి చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఏలుతోని నాకి సూసిన. సక్కగ పులిసింది. ఇంకింత సేపైతే గొంతు గీక్కపోతది. ఏం జేస్తవో చెయ్యి, లేకుంటే తెడ్డు దీస్త."

మల్లేష్ ఒక్క క్షణం ఆలోచించాడు. చూసిన మనిషి ఉంది. పిండి పోసిన మనిషి కాదు. ఫోనులోంచే తనిఖీదారు పేరు మార్చాడు: నర్సింహమ్మ.

"అమ్మా, ఆకుపచ్చది నొక్కు."

నొక్కింది. పంపు గుర్రుమంది, మోటారు తిరిగింది.

తొమ్మిదింటికి చౌరస్తాలో అందరికన్నా ముందు యాదన్నే, ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసుతో. గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఏందిది? జెరంత కిక్కు గూడ లేదు."

నర్సింహమ్మ లేచి తెడ్డు కోసం చూసింది. ఈలోగా యాదన్న గ్లాసు రెండోసారి నిండి, ఖాళీ అయి, మళ్లీ ముందుకొచ్చింది.

"మంచిగలేదంటివి గద. మూడోది ఎందుకురా?"

"కిక్కు లేదన్న గని, మంచిగలేదని ఎప్పుడన్న అక్కా?"

నర్సింహమ్మ మళ్లీ కూర్చుంది.

ఇప్పుడు పిండి మల్లేష్ పోస్తాడు. పొద్దున నర్సింహమ్మ వేలు ముంచి రుచి చూసి, ఎడమచేత్తో ఆకుపచ్చ బటన్ నొక్కుతుంది. ఈ ఎండాకాలంలో రెండుసార్లు మాత్రం, పులుపు సరిగా లేదని నొక్కనన్నది.