పోచన్న కాచిన పీపా

సెలవురోజు శుక్రవారం వస్తే పోచన్నకు కాలు నిలిచేది కాదు. మఫ్రఖ్ కూలీల క్యాంపులో తోటివాళ్లు బట్టలు ఉతుక్కుంటూ, ఇంటికి పంపే క్యాసెట్లలో మాటలు నింపుకుంటూ ఉంటే, ఈ రేకుల పనివాడు సుత్తి సంచిలో వేసుకుని అబుదాబిలోని ఆసుపత్రి క్వార్టర్స్‌కు బయలుదేరేవాడు.

అక్కడ ట్రినిడాడ్ దీవి నుంచి వచ్చిన నర్సు యూనిస్, తన దీవుల వాళ్ల పిల్లలు ఎనిమిదిమందికి ఉక్కు పీపాల మీద పాటలు నేర్పేది. ఖాళీ నూనె పీపా అడుగును సుత్తితో గిన్నెలా దించి, దాని మీద సరిగమలు పలికించడం వాళ్ల విద్య. దించడం పోచన్న వంతు, పలికించడం ఆమె వంతు. ఇద్దరి మధ్యా మాట చేరవేసేది భీమవరం నర్సు దయారాణి.

ఊళ్లో పోచన్న డప్పు కొట్టేవాడు. అతను లేనిదే పెళ్లీ చావూ కదలని పెద్దలే, పని తీరగానే అతన్ని వాకిలి బయట నిలబెట్టేవారు. కళకు కులం లేదని ఉపన్యసించేవాళ్లలో డప్పు మోసినవాడు అరుదు. ఇక్కడ పిల్లలు 'మాస్టర్' అని కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ కోసం ఎన్ని పీపాలైనా దించేవాడు.

ఎనభై ఒకటి డిసెంబరులో పిల్లల మొదటి కచేరీ. ఆ ఉదయం అందరికంటే ముందొచ్చిన పోచన్న, పదేళ్ల గ్లోరియా పీపా మంచుకు తడిసి ఉండటం చూశాడు. మంటకు కాపకుండా ఏ డప్పూ బజారెక్కదు. చెక్కపెట్టెలు విరగ్గొట్టి మంట వేసి, పీపాను శ్రద్ధగా కాచాడు.

యూనిస్ వచ్చి కొట్టి చూసింది. పై స్వరాలు మూడు సత్తు గిన్నె కిందపడ్డట్టు మోగాయి. ఆమె ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. దయారాణి అందులో చెప్పదగినది మాత్రం చెప్పింది.

"అది తోలా పోచన్నా, మంచుకు మెత్తబడటానికి?"

"చేసేటప్పుడు ఆమెనే మంటల వెట్టింది గద సిస్టరమ్మా. నా కండ్లతోని చూసిన."

"అది సరిగమలు పెట్టకముందయ్యా. పుట్టినప్పుడు నిన్నూ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోశారు. ఇప్పుడూ పోస్తారా?"

గ్లోరియా తీర్పు చెప్పింది: పీపా పలకకపోతే మాస్టర్‌కు ఇక కుర్చీ వెయ్యరు. పోచన్న ముఖం మాడింది.

యూనిస్ చెవి ఒగ్గి వింటుంటే, అతను మధ్యాహ్నం దాకా కింది నుంచి సుత్తితో బతిమాలాడు. రెండు స్వరాలు దారికొచ్చాయి. మూడోది ఖలాస్. పాటలో అది పదిహేడుసార్లు వస్తుంది.

"డప్పుల దెబ్బ తప్పితే నోటితోని అందుకుంటం సిస్టరమ్మా. పొల్లగాండ్లకు నేను నేర్పుత."

యూనిస్‌కు వేరే దారి లేదు. సాయంత్రం ఆ స్వరం వచ్చినచోటల్లా ఎనిమిదిమందీ ఒక్క గొంతుతో "హోయ్" అన్నారు. జనం రెండోసారి వాయించమన్నారు. ముందువరుసలోని దొరగారొకరు లేచి, ఈ కేకలో దీవుల ప్రాచీన ఆత్మ వినిపించిందని కన్నీళ్లు తుడుచుకున్నారు. యూనిస్ గంభీరంగా తలూపింది.

తర్వాతి శుక్రవారం పోచన్న గుమ్మంలోంచి తొంగిచూశాడు. కుర్చీ వేసే ఉంది. కానీ గ్లోరియా అడ్డంగా నిలబడి చెయ్యి చాచింది. దయారాణి తర్జుమా చెయ్యనక్కర్లేకపోయింది. పోచన్న జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆ చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు.