నూట ఇరవై ముళ్ళ చెంచాలు

మొన్న ఆదివారం ఆత్మకూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే దాని కూతురు అర్థశాస్త్రం పుస్తకం ముందేసుకుని, కోరికకూ డిమాండుకూ తేడా ఏమిటో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదని నా దగ్గర వాపోయింది. ఏడో తరగతితో బడి మానేసి, లెక్కలన్నీ వేళ్ళ మీదా గోడల మీదా నేర్చుకున్న నాకు ఆ పుస్తకంలోని మాటలు సగం కొత్తవే గాని, సంగతి మాత్రం పాతదే. అది నాకు నేర్పింది ఉదయగిరిలోని మా మేనత్త. నేర్చుకున్నందుకు అయిన ఖర్చు కూడా ఆమెదే.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాయన నన్ను ఆమెకు తోడుగా అక్కడ వదిలి వెళ్ళాడు. మామ పోయాడు, పిల్లలు లేరు, దుర్గం కింద ఒక గడ్డి ఇల్లు, చేతిలో చెక్క గరిటెలు చెక్కే పని. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మట్టి చట్టికి ఇనుప గరిటె తగిలిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకునేవారు కాదు. అత్త చెక్కేది, నేను ఆకురాయితో నునుపు పట్టేదాన్ని, శుక్రవారం పూట అనుమసముద్రంపేట దర్గా దగ్గర గోతాం పరిచి అమ్మేవాళ్ళం.

ఒకసారి అత్త మిగిలిపోయిన కర్రముక్కతో, పిడి మీద నెమలి పెట్టి, సరదాకి ఒక ముళ్ళ చెంచా, అదే పట్నంలో ఫోర్కు అంటారే, అది చెక్కింది. కంటికి కనపడిందల్లా ఎంచడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. ఆ శుక్రవారం దాన్ని నలభై ముగ్గురు చేతిలోకి తీసుకుని మురిసిపోయారని ఎంచాను. చివరికి కారులో వచ్చిన ఒకావిడ నాలుగు గరిటెల ధర పెట్టి కొనుక్కుపోయింది. మూడు గరిటెలకు పట్టే కర్రా, పొద్దూ పెడితే ఒక ముళ్ళ చెంచా అవుతుంది, ధర మాత్రం నాలుగు గరిటెలది. ఇక ఈ గరిటెలెందుకని ఆ రాత్రే అత్తకు లెక్క చెప్పాను.

ఆ ఏడు ఇంటి కప్పు రెండు వైపులా చివికిపోయి ఉంది. దర్గాలో ఏటా జరిగే గంధం పండుగ అప్పుడు వానలకు కాస్త ముందు పడింది గనుక, అక్కడ అమ్మిన డబ్బుతో కొత్త గడ్డి కప్పించాలని అత్త ఉద్దేశం. ఎండబెట్టిన కర్ర ఇంట్లో ఒక్క కట్టే ఉంది. ఆమె కాసేపు కప్పు వంకా, కాసేపు నా వంకా చూసి, సరేనంది. రెండు నెలలు కూర్చుని నూట ఇరవై చెక్కాం, ఒక్క గరిటె కూడా చెయ్యలేదు.

పండుగ నాడు మా గోతాం చుట్టూ ఎంత జనమో చెప్పలేను. అందరూ తీశారు, మెచ్చుకున్నారు, పెట్టేశారు. పక్కన గాజులమ్మే తాత ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా ఇది, వీపు గోక్కునేదానికా?" అన్నాడు. దర్గాకు వచ్చినవాళ్ళు రెండు మూడు రోజులుండి మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుంటారు. వాళ్ళలో గరిటె ఉందా అని అడిగి, లేదంటే వెళ్ళిపోయినవాళ్ళను కూడా ఎంచాను, డెబ్బై దాకా ఎంచి ఆపేశాను. నలభై మూడు చేతులు లెక్కపెట్టిన నేను చుట్టూ వెలుగుతున్న పొయ్యిలు లెక్కపెట్టలేదు. సాయంత్రానికి అమ్ముడైనవి అయిదు.

నాకు ఏడుపొచ్చింది. అత్త తిట్టలేదు, తాంబూలం నములుతూ అంది, "చూసేది గిరాకీ కాదు మే. చూసి, కావాలనుకొని, కొంగుముడి విప్పితే అది గిరాకీ."

ఇంటికొచ్చాక మిగిలిన నూట పదిహేనింటికీ ముళ్ళు కోసేసి, అంచు చదును చేసి, పళ్ళెంలోంచి ఇడ్లీ తీసే చెంచాలుగా మార్చాం. నేను వాటికీ నాలుగు గరిటెల ధరే చెప్పాలన్నాను, అంత పని పట్టింది గదా అని. అప్పుడు మాత్రం ఆమె గొంతు కాస్త గట్టిపడింది. "మన కష్టం కొనేవాళ్ళకెందుకు? పోయిన పని పోయింది, దాన్ని ధరలో కలపబాకు." ఆత్మకూరులో మూడు వారాలు తిరిగి, ఒక్కోటి ఒక గరిటె ధరకే అమ్మాం. అనుకున్నదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. అదే కర్రతో, అదే పొద్దుతో మూడు వందల అరవై గరిటెలు అయ్యుండేవని బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాను; ఒకటి చెయ్యడమంటే ఇంకోటి వదులుకోవడమని తెలిసింది అప్పుడే.

ఆ వానాకాలం వంట వైపు వాలు మాత్రమే కప్పించుకుని, ఇద్దరం పొయ్యి పక్కనే పడుకున్నాం. రెండో వైపు కారే చోటల్లా అత్త కుండలు పెట్టింది. సగమే కప్పించావేమని ఇరుగుపొరుగు అడిగితే గడ్డి దొరకలేదని చెప్పింది గాని, నా పేరు ఎత్తలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఆమె మంచాన ఉన్నప్పుడు, నీకు ముందే తెలుసా అత్తా అని అడిగాను.

"ముప్పాతిక తెలుసు. మిగతా పాతిక, నువ్వు చెప్పినావు గదాని నమ్మినాను."

ఈ రోజు మా దగ్గర పదకొండు మంది ఆడవాళ్ళు చెక్కుతున్నారు. ముళ్ళ చెంచాలకు ఇప్పుడు నిజంగానే గిరాకీ ఉంది. ఎన్ని కావాలో, ఏ కొలతో పట్నం నుంచి ముందే ఫోనులో చెప్తారు, ఆ తర్వాతే కర్ర మీద కత్తి పెడతాం. ఒక్కటీ మిగలదు, ఎవరి కప్పూ కారదు, అందుకు సంతోషమే. కానీ కొత్తగా పనికి వచ్చే పిల్లలు ఏదైనా కొత్త వస్తువు చేద్దామని ఆశగా చెప్పినప్పుడు, ఆర్డరు లేదమ్మా అనేది నేనే. స్లాబు ఇంట్లో కూర్చున్నదాన్ని, ఇన్నేళ్ళలో ఒక పిల్ల మాట నమ్మి ఒక్క నెల కర్ర కూడా దాని చేతికి ఇవ్వలేకపోయాను.