నోబుయె గారి వీడ్కోలు సభలు

ఈ లండన్ ఊళ్లో నోబుయె గారి భర్త ఎన్నిసార్లు పోయాడో నేను చెప్పలేను. ఒక్కోరోజు పొద్దున మొదలుపెడితే సాయంత్రం లోపు అరడజను సార్లు పోయేవాడు. ప్రతిసారీ ఒక కొత్త విద్యార్థి తలుపు తట్టి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని ఆ కబురు చెప్పేవాడు. ఆవిడ వినేవారు. చేతిసంచీని పట్టుకున్న వేళ్లు మెల్లగా వదులయ్యేవి. ఏడ్చేవారు. గంట మోగేది. కళ్లు తుడుచుకుని, సంచీ మళ్లీ ఒళ్లో పెట్టుకుని, ఇంకా ఏమీ తెలియని భార్యలా తరవాతి విద్యార్థి కోసం కూర్చునేవారు.

ఇదొక ఉద్యోగం. ఇది ఇంగ్లండులో లండన్ కాదు, కెనడాలో ఒంటారియో లండన్. ఇక్కడి ఒక కాలేజీలో నర్సింగ్ చదివేవాళ్లకు రోగులతో, వాళ్ల బంధువులతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి, అందులో పరీక్ష పెట్టడానికి మాబోటి పెద్దవాళ్లను పెట్టుకుంటారు. దానికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది, నేను మాత్రం ఉత్తుత్తి రోగి అంటాను. పాలకొల్లు పక్క పల్లెలో ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఇక్కడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా చేసి, తరవాత ఈ పనిలో చేరాను. గుండెపోటు, పక్షవాతం, ఉబ్బసం, మతిమరుపు, అన్నీ నాకు వచ్చాయి. అన్నింట్లోనూ మంచి పేరే తెచ్చుకున్నాను. మతిమరుపు చేసిన రోజు మా పనులు చూసే కోఆర్డినేటర్ తనంతట తాను వచ్చి నాతో చెయ్యి కలిపింది. అంతటి నేను కూడా నోబుయె గారి ముందు నిలవలేను. ఎందుకంటే ఆవిడ అసలైన నటి, అంతకుముందు గాయని.

మన తెలుగు సంఘం ఉగాది సంచికలో ఏటా ఒక ప్రముఖుడి జీవిత విశేషాలు నేనే రాస్తున్నాను. డాక్టర్ల గురించి రాశాను, ప్రొఫెసర్ల గురించి రాశాను, సొంత కంపెనీలు పెట్టినవాళ్ల గురించి రాశాను. తెలుగు రాని మనిషి గురించి రాయడం ఇదే మొదలు.

ఆవిడ పుట్టింది జపాన్ ఉత్తరాన ఒక చేపల రేవులో. తండ్రి పడవ మీద వెళ్లేవాడు, తల్లి చేపలు ఎండబెట్టే షెడ్డులో పని చేసేది. పదిహేనో ఏట రేవు పండుగలో పాడుతుంటే టోక్యో నుంచి వచ్చిన రికార్డు కంపెనీ మనిషి విన్నాడు. మరుసటి ఏడు మొదటి రికార్డు వచ్చింది. రెండో రికార్డులో, వాన వెలిశాక రైల్వే స్టేషన్లో ఎదురుచూసే పిల్ల పాట ఒకటుంది. దాన్ని దేశమంతా పాడుకున్నారు. కొత్త గాయనుల్లో మేటి అని బహుమతి ఇచ్చారు. సబ్బు ప్రకటనల్లో ఆవిడ ముఖం, పెన్సిల్ డబ్బాల మీద ఆవిడ ముఖం. ఆ తరవాత టీవీ సీరియళ్లు. ఎప్పుడూ హీరో చెల్లెలి వేషమే. ఆ చెల్లెలికి ఎప్పుడూ ఏదో జబ్బు, ఆఖరి వారంలో చావు. కూతురు అన్నిసార్లు చచ్చిపోవడం చూడలేక తల్లి ఇంట్లో టీవీ తీయించేసిందట.

ఇవన్నీ ఆవిడ నాకు గొప్పగా చెప్పినవి కావు. కాలేజీ క్యాంటీన్లో టీ తాగుతూ నేను అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. గొప్పలన్నీ నావే. ఒక విషయం మాత్రం నేను అడగకుండానే చెప్పారు.

ఇరవై ఆరో ఏట ఆవిడ పాట మానేస్తానన్నారు. గొంతు బాగానే ఉంది, మనిషే అలిసిపోయింది. కంపెనీ వాళ్లు సరే, ఒక్క వీడ్కోలు కచేరీ చేసి వెళ్లిపొమ్మన్నారు. టోక్యోలో జరిగింది. స్టేషన్ పాట ఆఖరి చరణంలో ఆవిడకు నిజంగానే ఏడుపు వచ్చింది, హాలంతా ఏడ్చింది. అంతే, మా ఊరికీ వచ్చి వీడ్కోలు చెప్పాలని ఊరూరి నుంచి పిలుపులు. ఒక్క ఊరే కదా, ఇంకొక్క ఊరే కదా అంటూ కంపెనీ వాళ్లు ఏడాదిన్నర తిప్పారు. ప్రతి ఊళ్లోనూ అదే చరణం, అదే చోట అదే ఏడుపు.

"మొదటి రోజు ఏడుపొక్కటే నాది. మిగతావన్నీ కంపెనీవి," అన్నారు.

ఆ తిరుగుడులోనే డగ్లస్ అనే కెనడా ఆయన పరిచయమయ్యాడు, అక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆవిడ పాట ఒక్కటీ వినలేదట. అందుకే పెళ్లి చేసుకున్నానన్నారు. ఇద్దరూ ఈ ఊరు వచ్చేశారు. ఆవిడ ఇక్కడి ఆసుపత్రి వంటశాలలో ఇరవై ఏళ్లకు పైగా పని చేశారు, తను ఎవరో ఎవరికీ తెలియదు. డగ్లస్ నిజంగా పోయినప్పుడు నర్సు వచ్చి చెబితే ఆవిడ ఏడవలేదు. నా కోటు ఎక్కడ పెట్టారని అడిగి, వేసుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయారు. ఆ తరవాతే కాలేజీ పని.

మొదట్లో ఆ పని నెలకు ఏ నాలుగైదు రోజులో ఉండేది. అప్పుడు మన పిల్లల రాక మొదలైంది. కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి, కడప నుంచి. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్లో తెలుగు, కాలేజీ మెట్ల మీద షిఫ్టుల గురించీ రూముల గురించీ తెలుగు. మనవాళ్లు ఇంతమంది వచ్చారని నా ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. పిల్లలు మాత్రం ఉప్పొంగే స్థితిలో లేరు. రాత్రి గిడ్డంగిలో పని చేసి వచ్చి, నిలబడే నిద్రపోయేవారు. బ్యాచ్ పక్కన బ్యాచ్ పెట్టారు. శనివారాలూ పెట్టారు. ఇప్పుడు నోబుయె గారి భర్త శనివారం కూడా పోవాల్సి వచ్చేది. ఒక విద్యార్థికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఏడిస్తే అన్యాయమని ఆవిడ అందరికీ ఒక్కలాగే ఏడ్చేవారు. సాయంత్రానికి ఆవిడ ముఖం ఉతికి పిండిన గుడ్డలా ఉండేది.

ఈ టర్ముతో మానేస్తానన్నారు. కోఆర్డినేటర్ ఇంకొక్క టర్ము అంది. సరేనన్నారు. మళ్లీ ఇంకొక్కటి. నిరుడు చలికాలంలో, ఏప్రిల్ తరవాత మరి రానని గట్టిగా చెప్పారు. మార్చి చివర కోఆర్డినేటర్ వీడ్కోలు కేకు తెచ్చింది, అందరం తిన్నాక, మేలో మొదలయ్యే వసంతం బ్యాచ్ ఒక్కటి చేసిపెట్టమంది. సోమవారం చెబుతానన్నారు ఆవిడ. నన్ను చూసి, "కాదనడం నాకు ఎవరూ నేర్పలేదు, రాఘవులు గారూ" అన్నారు. గారు అనడం నేనే నేర్పాను.

ఆ ఆదివారమే మన ఉగాది సభ. ఆవిడకు సన్మానం చేయాలని కమిటీలో పట్టుబట్టింది నేనే. శాలువా, పూలగుత్తి, నేను విశేషాలు చదవడం, అంతే అని చెప్పాను. పాట ఉండదు కదా అని రెండుసార్లు అడిగారు. ఉండదన్నాను. ఆ మాట మీదే ఆవిడ వచ్చారు.

హాలు నిండిపోయింది. సగం మంది ఆవిడ ముందు పరీక్షకు కూర్చున్న పిల్లలే. చేపల రేవు నుంచి పెన్సిల్ డబ్బాల దాకా ఒక్కటి వదలకుండా చదివాను. చప్పట్లు ఆగలేదు. అధ్యక్షుడు సుబ్బరాజు శాలువా కప్పి, మైకు తీసుకుని, ఇప్పుడు అందరికీ ఒక సర్‌ప్రైజ్ అన్నాడు. కంప్యూటర్లోంచి మాటలు లేని ఒక పాత వాద్య సంగీతం మొదలైంది. స్టేషన్ పాట. ఎక్కడో వెతికి సంపాదించి, నాకు కూడా చెప్పకుండా దాచాడు. వన్స్ మోర్ అని వెనక నుంచి కేకలు, ఆవిడ ఇంకా ఒకసారైనా పాడకుండానే.

ఆవిడ లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి మైకు కోసం ముందుకు వచ్చింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఏడవడానికి సిద్ధమైన ముఖం. ఆ పాట కూడా పాడేస్తే సోమవారం ఆవిడ ఏం చెబుతారో నాకు తెలుసు. ఆ తరవాత టర్ముకు ఏం చెబుతారో కూడా తెలుసు.

వేదిక పక్కన మైకుల పని చూస్తున్న సాత్విక నా దగ్గరికి వచ్చింది. కరీంనగర్ పిల్ల, నర్సింగ్ చదువుతోంది.

"అంకుల్, ఆమె మస్తు అలిసిపోయింది. ఇగ ఇడిచిపెట్టుమనుండ్రి," అంది.

జపాన్ గాయని మన ఉగాది సభలో పాడిందని ఈ సంచికలో రాసుకోవాలని నాకు మాత్రం ఉండదా? లేచి సుబ్బరాజు చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"నోబుయె గారు పాడరు. పాట ఉండదని చెప్పి పిలిచాం. వందన సమర్పణ అయిపోయింది, భోజనాలకు లేవండి."

సుబ్బరాజు నా చెవి దగ్గర, "వందన సమర్పణ ఎవరు చేశారండీ?" అన్నాడు.

"నేనే. ఇప్పుడే."

"పెద్దవాళ్లని ఊరుకుంటున్నాను," అని ఆ పాట ఆపించాడు. తరవాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. కుర్చీల చప్పుడు, పిల్లలంతా వంటకాల వైపు కదిలారు. ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు.

"అయిపోయిందా?" అని అడిగారు.

"అయిపోయిందండీ."

"సాయంత్రం ఇంకోటి ఉందా?"

"లేదు."

"వచ్చే వారం?"

"లేదండీ. ఏమీ లేదు."

అప్పుడు కూర్చున్నారు. కొంతసేపయ్యాక ఫోను తీసి కోఆర్డినేటర్‌కు చేశారు. ఆదివారం కదా, ఎత్తలేదు. ఏప్రిల్ తరవాత నేను రాను, నన్ను అడగవద్దు అని మెసేజ్ పెట్టారు. కారణం చెప్పలేదు, క్షమించమనలేదు. సాత్విక పళ్లెం తెచ్చి ఇస్తే, పులిహోరలో మిరపకాయలు పక్కన పెట్టి తక్కినదంతా తిన్నారు.

ఆవిడ ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారు. అప్పుడప్పుడు నా భార్య దమయంతి, నేను వెళ్లి చూసి వస్తుంటాం. ఏం చేస్తున్నారని అడిగితే ఏమీ చేయడం లేదంటారు. ఇన్నేళ్లలో ఈ సంచికలో నేను రాసిన పెద్దలెవరూ నాకు ఆ జవాబు చెప్పలేదు.